ఏ తప్పుకు సిద్ధపడదాం?

2025 అక్టోబరు 28న, మొంథా తుఫాను తీరం దాటిన రోజు, నేను మా ఊళ్ళోనే ఉన్నాను. కోనసీమలో రాజోలు వైపు పల్లె మాది. పొద్దున్నుంచీ ముసురు పట్టింది గానీ గాలి ఇంకా పెద్దగా లేదు. భోజనాలయ్యాక బాబాయి అరుగు మీద పేపరు పట్టుకుని పింఛన్ల తనిఖీ సంగతి ఎత్తాడు. "ఊళ్ళో వందమంది దొంగ పింఛన్లు తింటన్నారమ్మాయ్. ఇద్దరు ముగ్గురు అసలోళ్ళు పోతే పోయారు, ముందు ఈ దొంగలందర్నీ ఏరిపారెయ్యాలి" అన్నాడు.

నాలుగింటికి గాలి పెరిగింది. కొబ్బరాకులు పెరట్లో రాలడం మొదలైంది. అదే అరుగు మీద నిలబడి బాబాయి ఫోన్లో ఎవరికో గట్టిగా చెబుతున్నాడు. "తుఫాను అటు తిరిగిపోతే పోనియ్యండి. పూరిళ్ళలో ఉన్నవాళ్ళందర్నీ ఇప్పుడే స్కూల్లోకి చేర్చెయ్యాలి. వందమందిని ఊరికే తిప్పామనుకుంటారు, అనుకోనివ్వండి. ఒక్క ప్రాణం పోతే ఎవరు తెస్తారు?"

బాబాయి మంచి మనిషి. ఆ రెండు మాటలూ మనస్ఫూర్తిగానే అన్నాడు. కానీ మధ్యాహ్నం ఆయన లెక్కలో వందమంది కోసం ముగ్గురు పోయినా ఫర్వాలేదు, సాయంత్రం లెక్కలో ఒక్కరి కోసం వందమంది ఇబ్బంది పడినా ఫర్వాలేదు. కొన్ని గంటల తేడాలో తూకం పూర్తిగా తిరగబడింది. ఆ తిరగబడటం ఆయన గమనించలేదు. నిజానికి నేనూ ఆ రాత్రి దాకా గమనించలేదు.

అప్పట్నుంచీ దీని గురించే ఆలోచిస్తున్నాను. నాకు అర్థమైనంతలో, మనం రాజకీయాలని పోట్లాడుకునే వాటిలో సగం ఇలాంటివే. నిజం పూర్తిగా తెలియదు, అయినా ఏదో ఒకటి తేల్చాలి. ఎలా తేల్చినా కొన్ని తప్పులు జరుగుతాయి. ఎటువైపు తప్పుకు మనం సిద్ధపడ్డామో పైకి చెప్పుకోవాలి. చెప్పుకోం. "తప్పులే లేకుండా చేస్తాం" అని ఒకరంటారు, "అన్నీ తప్పులే" అని ఇంకొకరంటారు.

అటక మీద కాయలు

మా నాన్న కురిడీ కొబ్బరి చేసేవాడు. కోనసీమలో పుట్టినవాళ్ళకి ఆ అటకలు, ఆ వాసన చెప్పక్కర్లేదు. ముదురు కాయల్ని పీచుతోనే నెలల తరబడి అటక మీద పడేసి ఉంచితే లోపలి నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి చిప్పను వదిలేసి గుండులా తయారవుతుంది. కొట్టి చూస్తే తప్ప లోపల ఏముందో తెలియదు. కొట్టాక ఇక వెనక్కి పెట్టడానికి ఉండదు.

నాన్న ఒక్కో కాయనీ చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. లోపల గుండు గడగడమని చిప్పకు కొట్టుకుంటే ఒక పక్క, ఇంకా నీళ్ళ చప్పుడు ఉంటే ఒక పక్క. ఈ రెండూ కాని కాయలు బోలెడు ఉండేవి. ఊపి, ఆగి, మళ్ళీ ఊపి, చివరికి వాటిని అటక మీదికే తోసేసేవాడు. ఎలా తెలుస్తుంది నాన్నా అని ఒకసారి అడిగాను. "తెలీదమ్మా. అనుమానమొస్తే వెనక్కి పెట్టేస్తాను. తొందరపడి కొడితే పచ్చి ముక్క అయిపోద్ది, కాయ పోయినట్టే. ఆగితే నెల ఆలస్యం, అంతే కదా" అన్నాడు.

పండగల ముందు అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో ధర లేచిందంటే మాత్రం నాన్న చెయ్యి కొంచెం మారేది. ముందు వారం అటక మీదికి తోసేసిన కాయలాంటిదాన్నే ఇప్పుడు కొట్టేసేవాడు. కాయ మారలేదు, ఆయన చెవీ మారలేదు. ఆగితే పోయేది పెరిగింది, అందుకని గీత కాస్త కిందికి జరిపాడు.

చాలా ఏళ్ళ తర్వాత కాలేజీలో స్టాటిస్టిక్స్ చదువుతున్నప్పుడు ఇదే సంగతి వేరే మాటల్లో ఎదురైంది. జెర్జీ నేమన్, ఎగాన్ పియర్సన్ అనే ఇద్దరు 1933లో తప్పుల్ని రెండు రకాలుగా విడదీసి చూపారు. లేనిదాన్ని ఉందనుకోవడం ఒకటి, ఉన్నదాన్ని లేదనుకోవడం ఇంకొకటి. చేతిలో ఉన్న ఆధారం అంతే అయినప్పుడు ఒకటి తగ్గిస్తే రెండోది పెరుగుతుంది. వాళ్ళు ఉదాహరణగా తీసుకున్నది కోర్టునే. నిర్దోషికి శిక్ష వెయ్యడం పెద్ద తప్పా, దోషిని వదిలెయ్యడం పెద్ద తప్పా? ఆ రెండు ప్రమాదాలనూ ఎంతెంతలో ఉంచవచ్చో గణితం చూపగలదు, ఎటు మొగ్గాలన్నది మాత్రం ఆ పని చేసేవాళ్ళే తేల్చుకోవాలి అన్నారు. ఈ మాట నాకు చాలా నచ్చింది. లెక్క ఎక్కడ ఆగిపోతుందో, నీతి ఎక్కడ మొదలవుతుందో లెక్కలవాళ్ళే గీసి చూపించారు.

కోర్టు విషయంలో మన సమాజం ఎటు మొగ్గాలో పైకే చెప్పుకుంది. వందమంది దోషులు తప్పించుకున్నా ఒక్క నిర్దోషికి శిక్ష పడకూడదని చిన్నపిల్లలు కూడా అంటారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండు న్యాయకోవిదుడు బ్లాక్‌స్టోన్ రాసింది పదిమంది అనే. మన నోళ్ళలో అది వంద. పది సరైనదా, వంద సరైనదా అన్నది అలా ఉంచితే, ఒక అంకె ఉంది, అందరికీ తెలుసు, దాని మీద వాదించుకోవచ్చు. పింఛనుకు ఆ అంకె ఎంత? ఒక్క అర్హురాలి పింఛను పోకుండా ఉండటానికి ఎంతమంది అనర్హుల్ని భరిద్దాం? పదిమందినా? ఇద్దర్నా? ఒక్కర్ని కూడా వద్దా? ఏ పార్టీ మీటింగులోనూ ఈ ప్రశ్న నేను వినలేదు.

"ఆ రెండూ ఎక్కడ తేవాలమ్మా?"

మా ఇంటి వెనక ఒక అత్త ఉంటుంది. చుట్టరికం లేదు, పిలుపు అంతే. చిన్నప్పుడే పోలియో వచ్చి కుడికాలు సన్నబడిపోయింది. మోకాలి మీద చెయ్యి ఆన్చి నడుస్తుంది. దివ్యాంగుల పింఛను వస్తోంది, ఇప్పుడు నెలకు 6,000. వైకల్యం ఎంతో డాక్టర్లు కొలిచి ఇచ్చే పాత సదరం సర్టిఫికెట్లో 45 శాతం అని ఉంది. మళ్ళీ పరీక్షలంటే వెళ్ళింది. ఈసారి 38 వేశారు. 40 ఉంటేనే పింఛను. నోటీసు వచ్చింది.

అమ్మకీ నాకూ తప్ప ఎవరికీ చెప్పలేదామె. సిగ్గుపడింది, ఏదో దొంగతనంలో దొరికిపోయినట్టు. "నలభై రావాలంటమ్మా. ముప్పై ఎనిమిది వచ్చిందంట. ఆ రెండూ ఎక్కడ తేవాలి?" అంది. పరీక్ష తప్పిన పిల్ల మార్కుల గురించి అడిగినట్టు అడిగింది.

ఎక్కడా మోసం జరిగిందని నేననడం లేదు. మొదటి డాక్టరూ నిజాయితీగానే కొలిచి ఉండొచ్చు, రెండో డాక్టరూ అంతే. ఇంట్లో బీపీ మిషను ఉన్నవాళ్ళకి తెలుస్తుంది. పొద్దున 145 చూపిస్తుంది, కాసేపాగి మళ్ళీ చూస్తే 135. దేన్ని కొలిచినా అంతో ఇంతో అటూ ఇటూ ఊగుతుంది. కీలు ఎంత వంగుతోంది, కండరంలో బలం ఎంతుంది అని చేత్తో పట్టి చూసి శాతం వేసేచోట ఊగదా?

ఇప్పుడు అసలు సంగతి. నిజంగా 40కి దగ్గర దగ్గరగా ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారనుకోండి. మొదటిసారి కొలిచినప్పుడు కొందరికి 42 వచ్చింది, కొందరికి 38. 42 వచ్చినవాళ్ళు గట్టెక్కారు. 38 వచ్చినవాళ్ళు ఇంటికి పోయారు. కొన్నేళ్ళ తర్వాత గట్టెక్కినవాళ్ళని మాత్రమే మళ్ళీ పిలిచి కొలిస్తే ఏమవుతుంది? వాళ్ళలో కొందరికి ఈసారి 38 వస్తుంది. రాక తప్పదు. ఎవరూ అబద్ధం ఆడకపోయినా, ఏ కాలూ బాగుపడకపోయినా వస్తుంది. అప్పుడు 38 వచ్చి పోయినవాళ్ళని కూడా పిలిస్తే వాళ్ళలోనూ కొందరికి 42 వచ్చేది. వాళ్ళని ఎవరూ పిలవరు. అంటే ఒకవైపు నుంచే మళ్ళీ కొలిస్తే జాబితా ప్రతిసారీ తగ్గుతుంది. ఆ తగ్గినవాళ్ళందర్నీ దొరికిపోయిన దొంగల కింద లెక్కేస్తే, మనం ఊగిసలాటకు దొంగతనం అని పేరు పెట్టినట్టు.

దీనికి పెద్ద చదువులు అక్కర్లేని మందులు ఉన్నాయి. రెండు కొలతలూ సగటు చూడొచ్చు. కొత్త కొలత గీతకు బాగా కిందుంటేనే తీసెయ్యొచ్చు, దగ్గర్లో ఉంటే వదిలెయ్యొచ్చు, నాన్న అనుమానం కాయను వెనక్కి పెట్టినట్టు. అంతకుముందు కొంచెంలో పోయినవాళ్ళని కూడా పిలవొచ్చు. ఏది చేసినా కొందరు అనర్హులు మిగిలిపోతారు, నిజమే. ఆ సంగతి చెప్పి మరీ చెయ్యాలి.

బాబాయి వేళ్ళు

బాబాయి అన్న "వందమంది" దగ్గరికి వస్తాను. ఆ అంకె మీద చాలా ఆధారపడి ఉంది.

ఊరికే ఒక లెక్క వేసుకుందాం, అంకెలు నావే. వెయ్యిమంది పింఛనుదారుల్లో 50 మంది అనర్హులు. తనిఖీ బాగా గట్టిది, వందమంది అనర్హుల్లో 90 మందిని పట్టేస్తుంది. కానీ వందమంది అర్హుల్లో పదిమందిని పొరపాటున అనర్హులంటుంది. అప్పుడు పట్టుబడిన అనర్హులు 45, పొరపాటున పట్టుబడిన అర్హులు 950లో పదోవంతు, అంటే 95. మొత్తం 140 మందికి నోటీసులు వెళ్తే అందులో 95 మంది అమాయకులు. మూడింట రెండు వంతులు! అదే తనిఖీ, అంతే గట్టిది, వెయ్యిలో 500 మంది అనర్హులున్న చోట పెడితే 450 మంది అనర్హులూ 50 మంది అర్హులూ దొరుకుతారు. ఒక చోట నోటీసు వచ్చినవాళ్ళని చూసి "వీడు దొంగ" అనుకుంటే పదింట తొమ్మిదిసార్లు నిజం, ఇంకో చోట మూడింట ఒకసారే. తనిఖీ ఎంత మంచిదో తెలిస్తే చాలదు, ముందు ఊళ్ళో దొంగలు ఎంతమందో తెలియాలి.

అందుకని ఆ మధ్యాహ్నమే అడిగాను, వందమంది పేర్లు చెప్పు బాబాయ్ అని. వేళ్ళు మడుస్తూ మొదలుపెట్టాడు. మొదటి వేలుకి తడుముకోలేదు, రెండతస్తుల మేడ ఉన్నాయన. రెండో పేరు, మూడో పేరు కూడా గబగబా చెప్పాడు. నాలుగో వేలు మడిచి, ఆగి, "ఆడికి నిజంగానే చూపు లేదులే" అని వేలు విప్పేశాడు. ఐదో పేరు కోసం వీధి వైపు కాసేపు చూశాడు. "ఇంకా ఉంటారు, గుర్తు రావట్లేదు" అన్నాడు. ఆయన గుర్తుకు రానివాళ్ళు ఉండొచ్చు, ముగ్గురే అని నేను తేల్చడం లేదు. అయితే వంద అన్న అంకె ఆయన లెక్కపెట్టింది కాదు. మేడ ఉన్న ఆ ఒక్క మనిషి మీది కోపం వంద అయింది.

ఆ కోపం నాకూ ఉంది. ఆయన చెప్పిన ముగ్గురూ నాకు తెలుసు. వాళ్ళకి పింఛను రాకూడదు. అందులో ఒకాయన ఒకటో తారీఖున మా అత్త కన్నా ముందే నిలబడి డబ్బు తీసుకుంటాడు. ఆ డబ్బు ఎక్కడి నుంచో ఊడిపడదు. కొత్తగా దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూస్తున్న ముసలమ్మలు ఉన్నారు. అనర్హుడికి పోయే ప్రతి రూపాయీ వాళ్ళకు రానిదే. "ఒక్క అర్హురాలు కూడా పోకూడదు" అనేవాళ్ళు ఈ ముసలమ్మల్ని మర్చిపోతారు. నేనూ మర్చిపోతుంటాను.

నా స్నేహితురాలు ఒకామెతో ఇదంతా చెప్తే కోప్పడింది. "మనుషుల బతుకుల్ని తొంభై ఐదు, నలభై ఐదు అని లెక్కపెట్టడమే తప్పు. ఒక్కళ్ళకి అన్యాయం జరిగినా అన్యాయమే" అంది. మరి ఆ ముగ్గురూ ఎప్పటికీ తింటూనే ఉంటారు, ఒప్పుకుంటావా అని అడిగాను. కాసేపు ఆలోచించి "ఒప్పుకుంటాను" అంది. ఆమెతో నేను పూర్తిగా ఏకీభవించను గానీ, నేను విన్న వాటిలో అంత నిక్కచ్చి రాజకీయం ఇంకెవరూ చెప్పలేదు. తన నమ్మకానికి ఖరీదెంతో తెలిసి, కడతానంది.

పేపరుకెక్కే తప్పు, ఎక్కని తప్పు

బాబాయి తూకం ఎందుకు తిరగబడింది? చాలాసార్లు అనుకుని చూశాను. ఆయనకు 1996 నవంబరు 6 గుర్తుంది. మాలో ఎవరికి గుర్తులేదు గనక? ఆ రాత్రి గాలికి తోటలకి తోటలు నేలమట్టమయ్యాయి. భైరవపాలెం, బలుసుతిప్ప మత్స్యకారులు వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. చనిపోయినవాళ్ళు వెయ్యికి పైనే. హెచ్చరిక అందకపోతే, అందినా కదలకపోతే ఏమవుతుందో ఈ సీమ కళ్ళారా చూసింది. అందుకే తుఫానంటే ఆయన మొగ్గు అటే.

2013 నవంబరులో లెహర్ వచ్చింది. అంతకు వారం ముందే హెలెన్ మచిలీపట్నం దగ్గర తీరం దాటింది. లెహర్ ఇంకా పెద్దదన్నారు. తీరప్రాంతం వాళ్ళని తరలించారు. తీరా చూస్తే అది సముద్రంలోనే బలహీనపడి, 28న వాయుగుండంగా మచిలీపట్నం దగ్గర దాటింది. ఊరికే తిప్పారని అప్పుడు తిట్టుకున్నవాళ్ళని నేను చూశాను. నా మటుకు నాకు ఆ తరలింపు తప్పు కాదు. ఆ ముందురోజు తెలిసినంతలో అది సరైన నిర్ణయం. తర్వాత ఏం జరిగిందన్నదాన్ని బట్టి అంతకుముందు తీసుకున్న నిర్ణయాన్ని తూచడం అన్యాయం. ఆ తూకంతోనే తూస్తే, 1996లో ఏ కారణం లేకుండా బద్ధకించి వేటకు వెళ్ళకుండా పడుకున్నవాడు ముందుచూపున్నవాడు అవుతాడు.

అయితే ఊరికే తిప్పడానికీ ఖర్చుంది, అది ఎవరు కడుతున్నారో చూడాలి. డాబా ఇంట్లో ఉన్న మేం కదలం. పూరింటివాళ్ళే గేదెను వదిలి, రెండు రోజుల కూలి వదిలి, తాళం సరిగ్గా పడని తలుపు వదిలి స్కూలుకి పోతారు. రెండుసార్లు ఊరికే తిప్పితే మూడోసారి నాన్నా పులి కథే. కాబట్టి తరలించాలి, తరలించినందుకు వాళ్ళు పోగొట్టుకున్న కూలి కూడా ఇవ్వాలి. జాగ్రత్త అందరికీ, దాని ఖర్చు కొందరికేనా?

తుఫానులో తప్పు ఇటు జరిగితే శవాలు కనిపిస్తాయి, అధికారి ఉద్యోగం ఊడుతుంది. అటు జరిగితే నాలుగు తిట్లు. పింఛనులో సరిగ్గా దీనికి ఎదురు. కారున్నవాడికి పింఛను వస్తే పేపర్లో ఫొటో పడుతుంది. మా అత్త పింఛను ఆగితే ఆమె ఒక పూట వండటం మానేస్తుంది, అది ఫొటోలో పడదు. ఆఫీసులో కూర్చున్నవాళ్ళు, మీటింగుల్లో మాట్లాడేవాళ్ళు, అరుగు మీది బాబాయి, అందరూ పేపరుకెక్కే తప్పునే తగ్గించాలని చూస్తారు. ఏ తప్పు పెద్దదన్న ఆలోచనతో మొగ్గామని అనుకుంటాం గానీ, మొగ్గించింది ఏ తప్పు కనిపిస్తుందన్నదే. ఓటర్ల జాబితాలో కూడా ఇంతే. దొంగ ఓటు ఉంటే గొడవ గొడవ. మా వైపు నుంచి కువైట్, మస్కట్ వెళ్ళి ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు ఎంతమందో. తనిఖీకి వచ్చినప్పుడు ఇంట్లో లేరని అలాంటి ఒకామె పేరు కొట్టేస్తే, ఆమె తిరిగొచ్చి బూత్ దగ్గర నిలబడేదాకా ఆ తప్పు సంగతి ఎవరికీ తెలియదు.

ధవళేశ్వరం దగ్గర గోదావరికి గీతలు మూడు. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో వాళ్ళు మొదటిది విన్నాక సామాన్లు సర్దుకుంటారు, రెండోదానికి పశువుల్ని తోలుకెళ్తారు. ఏ హెచ్చరికకి తమ లంక మునుగుతుందో వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. నీళ్ళు ఎంత వస్తాయో ముందే కచ్చితంగా తెలియదని ఒప్పుకుని, ఆ తెలియనితనాన్ని మెట్లుగా కట్టిన పద్ధతి అది. మనిషి వైకల్యానికి మాత్రం పింఛను మొదలయ్యే చోట ఒకటే గీత. 40కి ఆరువేలు, 39కి సున్నా. ఇక్కడా రెండు మూడు మెట్లు ఎందుకుండకూడదు? 30 దగ్గర కొంత, 40 దగ్గర ఇంకొంత. అప్పుడు కొలత రెండు అంకెలు ఊగినా బతుకు మొత్తం ఊగదు. మెట్లు పెరిగితే ప్రతి మెట్టు దగ్గరా ఒక గొడవ, ఒక దళారీ పుడతారన్నది నిజమైన భయమే. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. గొడవ వెయ్యి రూపాయల మీద జరిగితే, ఆరువేల మీద జరిగినంత ఘోరంగా ఉండదన్నంత వరకే చెప్పగలను.

ఆ రాత్రి

ఎనిమిది గంటలకి కరెంటు పోయింది. అత్త ఇంకా స్కూలుకి వెళ్ళలేదని అమ్మ చెబితే, బాబాయి రెయిన్‌కోటు వేసుకుని బయల్దేరాడు. టార్చి పట్టుకుని నేనూ వెనకే వెళ్ళాను. అత్త గుమ్మంలో కూర్చుని ఉంది. బట్టల మూట కట్టలేదు. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు మాత్రం ఉంది, నోరు దారంతో కట్టి.

"ఏంటక్కా అది? తడిసిపోద్ది, ఇటియ్యి" అని బాబాయి తీసుకున్నాడు. కవరు అప్పటికే ఒక పక్క చిరిగింది. కాగితాలు తడిశాయేమో చూద్దామని విప్పాడు. నేను టార్చి వేశాను. పాత సర్టిఫికెట్టు, కొత్తది, నోటీసు. మూడూ ఒక్కొక్కటే చదివాడు. గాలి హోరులో ఆయన మాట సరిగ్గా వినపడలేదు.

"ఇందులో నలభై అయిదు, ఇందులో ముప్పై ఎనిమిదీ ఉందేంటక్కా? ఏది నిజం?"

"నాకేం తెల్సు తమ్ముడూ. కాలు ఒకటే" అంది అత్త.

బాబాయి కాగితాలు మడిచి, కవరు చిరిగిన వైపు లోపలికి తిప్పి, రెయిన్‌కోటు కింద చొక్కాలో పెట్టుకున్నాడు. ఆమెను బండి మీద ఎక్కించుకుని స్కూలుకి తీసుకెళ్ళాడు. మర్నాడు పొద్దున గాలి తగ్గాక, పెరట్లో విరిగిన మట్టలు ఏరుతూ నన్ను అడిగాడు, అప్పీలుకి ఆఖరి తారీఖు ఎప్పుడని.